శాత ప్రకరణం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఏటా ఎనిమిదో తరగతి పిల్లల కోసం వెలువడే జాతీయ ఉపకారవేతన పరీక్షకు బడి వాడుకలో ఎన్.ఎం.ఎం.ఎస్. అని పేరు. సూర్యాపేట జిల్లా తుంగతుర్తి మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు ఈ ప్రశ్నపత్రమనే గ్రంథానికి పఠనక్షేత్రాలు. గ్రంథంలో కాండలు రెండు: మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు. రెండో కాండలో గణితం వాటా 20. మొత్తం 180 ప్రశ్నలకు 180 నిమిషాలు గనుక ఒక్కో ప్రశ్నకు దక్కే ఆయుర్దాయం నిమిషం. ఆ నిమిషంలో పిల్లల్ని ఎక్కువగా తడబెట్టేది శాతాల లెక్క. గ్రంథకర్త పేరు ప్రశ్నపత్రం మీద ఉండదు. అందువల్ల కవిహృదయాన్ని నాలుగు ఆప్షన్లలో నుంచే రాబట్టుకోవాలి.

మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన కోలాచల మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని ప్రతిన పట్టాడు. శాతాల లెక్కకూ అదే నియమం చాలు. లెక్క తప్పినవాడికి గుణకారం రాక కాదు, మూలంలో లేని మాటను చదవడం వల్లే తప్పుతుంది.

మూలం

ఈ జాతి లెక్కలన్నిటికీ నమూనాగా కూర్చినది:

“ఒక వర్తకుడు ఒక వస్తువునకు కొన్న వెలపై 40% అధికముగా ప్రకటిత వెల నిర్ణయించి, దానిపై 25% రాయితీ ఇచ్చిన, అతనికి కలిగిన లాభ లేక నష్ట శాతమెంత? (1) 15% లాభం (2) 5% లాభం (3) 5% నష్టం (4) లాభనష్టములు లేవు.”

ప్రతిపదార్థం

ఒక వర్తకుడు = పేరూ ఊరూ చెప్పనివాడు; అయినా కొన్న వెలపై ఎంత కలిపాడో మాత్రం దాచుకోనివాడు. సూర్యాపేట బజారులో ఎంత వెతికినా దొరకడు.

ఒక వస్తువునకు = ఫ్యానుకో, కుక్కరుకో, చీరకో. ఏదో చెప్పకపోవడం కవి మరపు కాదు. వస్తువు మారినా జవాబు మారదని సూచన.

కొన్న వెలపై = వర్తకుడు పెట్టిన సొమ్ము మీద. ఇది మొదటి ఆధారం.

40% అధికముగా = నూటికి నలభై కలుపుకొని, అనగా నూటికి నూట నలభైగా. ఇదే చోట “40% గా” అని ఉంటే అర్థం తలకిందులయ్యేది.

ప్రకటిత వెల = వస్తువుకు అంటించిన చీటీ మీద రాసిన ధర.

దానిపై = ప్రకటిత వెలపై. ఈ సర్వనామమే ప్రకరణానికి ప్రాణం. దీన్ని కొన్న వెలకు అంటగట్టినవాడు ఈ లెక్క దాటలేడు.

రాయితీ = తగ్గింపు; పాత లెక్కల పుస్తకాల్లో ముదరా.

లాభ లేక నష్ట శాతము = దేనిలో శాతమో మూలం చెప్పలేదు. సంప్రదాయాన్ని బట్టి “కొన్న వెలలో” అని అధ్యాహారం చేసుకోవాలి. బడి లెక్కల్లో లాభనష్టాల శాతాన్ని ఎప్పుడూ కొన్న వెల మీదే కడతారు.

అన్వయం

కొన్న వెల 100 అనుకొనునది. దానిలో నలభై శాతం 40, కలిపితే ప్రకటిత వెల 140. ఇప్పుడు ఆధారం మారింది. 140లో ఇరవై ఐదు శాతం 35, తీసివేస్తే అమ్మిన వెల 105. పెట్టింది 100, వచ్చింది 105. లాభం 5%. జవాబు రెండో ఆప్షన్.

వెనుకటివారు దీన్ని త్రైరాశికం అన్నారు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ అని మూడు రాశులు తెలిస్తే నాలుగోది పుడుతుంది. ఇచ్ఛను ఫలంతో గుణించి ప్రమాణంతో భాగించడం సూత్రం. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆనాటి త్రైరాశికంలో ప్రమాణం ఎంతైనా కావచ్చు. శాతంలో అది ఎప్పుడూ 100. సౌకర్యం అదే, ప్రమాదమూ అదే. ప్రమాణం పేరు చెప్పనక్కర లేకపోవడంతో, అది దేనిదో అడగడం కూడా మానేస్తారు.

పాఠాంతరాలు

మొదటి ఆప్షన్, 15% లాభం. 40లో నుంచి 25 తీసేసినవారి పాఠం. వేర్వేరు ఆధారాల మీద కట్టిన శాతాలను నేరుగా కూడటం, తీసివేయడం శాస్త్రవిరుద్ధం. కవి ఈ పాఠాన్ని మొదట పెట్టడంలోనే ఆయన హృదయం తెలుస్తున్నది.

మూడో ఆప్షన్, 5% నష్టం. లెక్క సరిగా చేసి, చివర ఏది పెట్టిందో ఏది వచ్చిందో తారుమారు చేసినవారిది.

నాలుగో ఆప్షన్, లాభనష్టములు లేవు. ఎంత పెంచాడో అంత తగ్గించి ఉంటాడని ఊహించినవారిది. నిజానికి 40% పెంచి 40% తగ్గిస్తే 140లో 56 పోయి 84 మిగులుతుంది, అనగా 16% నష్టం. పెంచిన శాతాన్నే తగ్గిస్తే అసలుకు ఎప్పుడూ చేరలేరు. పెంచినది చిన్న రాశి మీద, తగ్గించినది పెద్ద రాశి మీద.

ఆక్షేపం, సమాధానం

వస్తువు వెల 100 అని ఎక్కడుంది, లేనిదాన్ని ఊహించడం మల్లినాథ నియమానికి భంగం కాదా అని ఆక్షేపం. కాదు. అడిగింది రూపాయలు కాదు, శాతం. వెల 100 అయినా 730 అయినా నిష్పత్తి ఒక్కటే. వెలను రూపాయల్లో అడిగిన లెక్కలో మాత్రం 100 అనుకొని ఆగిపోరాదు. అమ్మిన వెల 630 రూపాయలని ఇచ్చి కొన్న వెల అడిగితే, 105 భాగాలు 630 అయినప్పుడు 100 భాగాలు 600 అని వెనక్కి నడవాలి. 630లో 5% తీసివేసి 598 రూపాయల 50 పైసలు అనేవారు ఆధారం తప్పినవారు.

దేశవ్యవహారం

తుంగతుర్తి పిల్లవాడికి శాతం బడికి రాకముందే పరిచయం. ఇంట్లో “రెండు రూపాయల మిత్తి” అన్నప్పుడు నూటికి, నెలకు అని ఎవరూ విడమరిచి చెప్పరు, అందరికీ తెలుసు. అది ఏడాదికి 24%. ప్రశ్నపత్రంలో “సంవత్సరానికి 12% బారువడ్డీ” అని ఉంటే అది ఊరి లెక్కన రూపాయి మిత్తి. 5,000 రూపాయలకు 8 నెలల వడ్డీ అడిగితే, నెలకు 50 చొప్పున 400 అని సూత్రం అక్కర లేకుండానే వస్తుంది. అయితే ఊరి మిత్తి నెల మీద, పుస్తకం వడ్డీ ఏడాది మీద. వెనుకటి రోజుల్లో నాగుకు, అనగా గింజల అప్పుకు, తెచ్చిన బస్తా గింజలకు కోతల్లో బస్తాన్నర కొలిచేవారు. అది 50 శాతమే కదా అనరాదు. ఏడాదికి కాదు, పంటకు. శాతానికి రాశి ఎంత ఆధారమో కాలమూ అంతే.

రెండో ఉదాహరణ వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో దొరుకుతుంది. మద్దతు ధరకు ధాన్యంలో తేమ 17% మించరాదు. క్వింటాలు వడ్లలో మీటరు 20% చూపితే, ఆరబోసి 17%కి తెచ్చాక బరువెంత? 97 కిలోలు అన్నది తొందరపాటు పాఠం. 20% నీరు పోను గింజ సరుకు 80 కిలోలు. ఎండలో నీరు పోతుంది, సరుకు పోదు. ఆ 80 కిలోలే ఎండిన రాశిలో 83% కావాలి. 80ని 100తో గుణించి 83తో భాగిస్తే సుమారు 96 కిలోల 385 గ్రాములు. తేడా క్వింటాలుకు 615 గ్రాములే అయినా, నూరు క్వింటాళ్ల కుప్పకు అరవై ఒక్క కిలోలు దాటుతుంది, అనగా 40 కిలోల లెక్కన బస్తాన్నర. కుప్ప ఎండే కొద్దీ నూరు శాతం అనే ఆధారం కూడా తగ్గుతూ పోవడమే ఇక్కడి మర్మం.

విశేషాంశం

పరీక్ష నిబంధనలకే టీక కావలసిన చోటు ఒకటుంది. దరఖాస్తుకు ఏడో తరగతిలో 55% మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5% సడలింపు. ప్రకరణ న్యాయం ప్రకారం 55లో 5 శాతం 2.75 గనుక హద్దు 52.25% కావాలి. ఆచరణలో అది 50%. ఇక్కడ శాతం గుణించేది కాదు, నేరుగా తీసివేసేది. పత్రికలు దీన్నే శాతం పాయింట్లు అంటాయి. అలాగే అర్హతకు రెండు కాండల్లో కలిపి 40%, ఎస్సీ, ఎస్టీలకు 32%. తేడా పాయింట్లలో 8, శాతంలో 20. రెండూ నిజమే. ఏది అడిగారో చదివి చెప్పాలి.

తాత్పర్యం

శాతం ఒంటరిగా అర్థమివ్వదు. లెక్కలో శాతం గుర్తు కనిపించిన ప్రతిచోటా “దేనిలో?” అని అడిగి, ఆ జవాబును గుర్తు పక్కనే రాసుకోవాలి. ఆధారం మారినచోట గీత గీసి కొత్త రాశి మొదలుపెట్టాలి. చివరి శాతం ఏ రాశి మీద అడిగారో చూసి ముగించాలి. నిమిషంలో 20 సెకన్లు దీనికి పోయినా, మిగిలిన 40 సెకన్లు గుణకారానికి చాలు. ఈ పరీక్షలో తప్పుకు మార్కుల కోత లేదు గనుక, అన్వయం కుదరకపోయినా ఏ వృత్తాన్నీ దిద్దకుండా వదలరాదు.

ఫలశ్రుతి

ఎంపికైనవారికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. పథకం 2008లో మొదలైనప్పుడు ఏడాదికి 6,000. 2017లో 12,000 అయింది. పెరుగుదల 100 శాతం. 200 శాతం అని దిద్దినవాడు ఈ ప్రకరణాన్ని ప్రతిపదార్థం నుంచి మళ్లీ చదవాలి.