జీపు వెనక సీటు

మా మంగళవాడ నుంచి జిల్లా కేంద్రం తుమకూరుకు పోవాలంటే నడుమ ఆంధ్ర దాటాలి. పావగడ తాలూకాకు పడమట చిత్రదుర్గం వైపు తప్ప మిగతా దిక్కులన్నీ పాత అనంతపురం జిల్లానే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సినిమా హాల్లో బాలకృష్ణ. ఇలాంటి చోట పుట్టాను కాబట్టి అంచు బతుకుల సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదనుకున్నాను. తిక్క అక్కడ మొదలైంది.

'సమరసింహారెడ్డి' 1999 సంక్రాంతికి వచ్చింది. 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర'. మూడింటికీ దర్శకుడు బి. గోపాలే. వేటకొడవళ్లు పట్టాల్సిన చేతులు ఒకదాంట్లో పిల్లలకు నాట్యం నేర్పుతాయి, ఇంకోదాంట్లో కాశీలో ట్యాక్సీ నడుపుతాయి. విశ్రాంతి వేళకు అసలు పేరు బయటపడుతుంది, హాలు అదిరిపోతుంది. 2005 జనవరి 24న అనంతపురంలో ఎమ్మెల్యే పరిటాల రవిని చంపారు. ఆంధ్ర బస్సులు ఆగిపోయాయి, తగలబడ్డాయి. సరిహద్దు ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని గడప దాటనివ్వలేదు. నేను మాత్రం హాస్టల్లో కాలరెగరేసి, 'రవి వాళ్ల రామగిరి మాకు పక్కనే' అని చెప్పుకు తిరిగాను. ఎవడో చచ్చిపోతే నాకెందుకు అంత గొప్ప వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

బెంగళూరులో ఉద్యోగం వచ్చాక ఆ మోజు జపానుకు బదిలీ అయింది. తెలుగు ఫ్యాక్షన్ సినిమాలు ఉత్త బూటకమనీ, నిజం చెప్పింది అక్కడి ముఠాల మీద తీసే యకూజా సినిమాలేననీ కనిపించిన ప్రతివాడికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. నిజానికి అక్కడా మొదట్లో మన బాపతే. 1960లలో టోయే కంపెనీ వరసగా తీసిన సినిమాల్లో కెన్ తకకురా మాట మీద నిలబడతాడు, ఎంత అవమానమైనా దిగమింగుతాడు, చివరి రీలులో కత్తి పట్టుకుని ఒంటరిగా శత్రువు ఇంటికి నడుస్తాడు. మీసం ఒక్కటే తక్కువ.

ఆ భోగాన్ని 1973లో కింజి ఫుకసకు కూల్చేశాడు. పదిహేనేళ్ల వయసులో ఆయుధ కర్మాగారంలో పనిచేస్తూ, ఫిరంగి దాడిలో పోయిన తోటివాళ్ల శవాలు ఎత్తిన మనిషి ఆయన. హిరోషిమా, కురే ముఠాల అసలు గొడవల మీద ఆయన తీసిన 'జింగి నకి తతకై'లో కుర్రవాడు చచ్చిన చోట బొమ్మ ఆగిపోతుంది, పక్కన పేరూ తేదీ పడతాయి, కథ ముందుకు పోతుంది. ఏడవడానికి కూడా వ్యవధి ఉండదు. పెద్దన్న యమమోరి పిసినారి, పిరికివాడు, అవసరమైతే దొంగ ఏడుపు ఏడుస్తాడు. ఇక బున్‌తా సుగవారా క్షమాపణగా చిటికెన వేలు కోసుకునే ఘట్టం ఉంది. ఎలా కోసుకోవాలో ఒక్కడికీ సరిగ్గా తెలియదు. తెగిన వేలు ఎగిరి ఎక్కడో పడుతుంది. ముఠా అంతా వంగి పెరడంతా వెతుకుతారు. దొరికింది కోళ్ల దగ్గర. ఈ ఘట్టం గురించి నేను గంటలు గంటలు మాట్లాడేవాణ్ని. నవ్వడం ఒక్కటే మరిచిపోయాను.

ఆ మోజు అలా తలకెక్కిన రోజుల్లోనే, సినిమా కథ రాస్తానని లాప్‌టాప్ పట్టుకుని ఊరికొచ్చాను. మా వీధి చివర సరిహద్దు అవతలి నుంచి వచ్చి కూతురింట్లో ఉంటున్న ముసలాయన ఉన్నాడు. మేం మామ అంటాం. ఒకప్పుడు ఏదో ఫ్యాక్షన్ పార్టీలో తిరిగాడని వినికిడి. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. నాకు ఇంకేం కావాలి?

"మామా, ఆ వేలు ఏ గొడవలో పోయింది?"

"గొడవేందిరా? చెనిక్కాయ మిషన్లో పడిపాయ."

నేను నమ్మలేదు. దాస్తున్నాడనుకుని రోజూ పోయి కూర్చున్నాను. కొడవలి పట్టినావా అంటే, "నేను జీపులో వెనక కూర్చునేటోణ్ణి. అన్నం క్యారియర్లు మోసేటోణ్ణి" అనేవాడు. వాయిదాలకు తిరిగి తిరిగి బోరు కింది పొలం అమ్ముకున్న సంగతి, కొడుకుకు పిల్లనిచ్చేవాళ్లు లేక పెళ్లి ఆలస్యమైన సంగతి చెప్పేవాడు. అవేవీ నేను రాసుకోలేదు. మధ్యలో ఒక మాట అడుగుతుండేవాడు.

"అబ్బీ, ఒకతూరి నాడకచేరికి రారా. పింఛనీ అర్జీ కన్నడంలో రాయల్లంట. నా కాగితాలన్నీ ఆంధ్రావి."

ఆ రెవెన్యూ ఆఫీసుకు పోదాం పోదాం అనేవాణ్ని. రాత్రయితే 2021లో వచ్చిన 'ఎ ఫ్యామిలీ' అనే యకూజా సినిమా పెట్టుకునేవాణ్ని. కథ 1999లో, 2005లో, 2019లో నడుస్తుంది. పద్నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చిన కెన్‌జికి బయట చోటు లేదు. 2011 నాటికి జపానులో అన్ని రాష్ట్రాల్లోనూ ముఠాలతో లావాదేవీలను కట్టడి చేసే ఉత్తర్వులు వచ్చేశాయి. ముఠా వదిలేసినా అయిదేళ్లు పాత ముద్ర వదలదు. బ్యాంకు ఖాతా ఇవ్వరు, ఫోను ఇవ్వరు, ఇల్లు అద్దెకివ్వరు. అతను కోరిందల్లా మామూలు కాగితాలు. కళ్లు తుడుచుకుని, సమాజం ఎంత కర్కశమో అని ఒక పేజీ రాసి పడుకునేవాణ్ని. తెల్లారి మామ దగ్గరికి పోయి మళ్లీ వేలి గురించే అడిగేవాణ్ని. ఈ రెండింటినీ కలిపి చూసే బుద్ధి లేదు. కన్నడ మీడియంలో పదో తరగతి దాకా చదివినవాణ్ని, అర్జీ రాయడానికి అరగంట చాలు. పోలేదు.

చివరికి మామ పని సైబర్ సెంటరు కుర్రాడు చేసిపెట్టాడు. కాగితాలు చూసి, ఏవి ఇక్కడ చెల్లుతాయో ఏవి చెల్లవో విడదీసి, నాడకచేరికి తనే తీసుకెళ్లాడట. ఆ కుర్రాడికి జపాను సినిమాలు తెలియవు.

పోయిన పండక్కి వెళ్లినప్పుడు మొహం చెల్లక పక్క సందులోంచి పోతుంటే మామే పిలిచాడు. "ఏమప్పా, నీ సినిమా యాడికొచ్చె?" ఆపేశానన్నాను. "ఆపేదేంది, మా జీపు కత పెట్టు" అన్నాడు. ఇది నాకు మునుపే చెప్పాడు, పనికిరాదని వదిలేశాను. ఒక రాత్రి ఎవరి మీదికో బయల్దేరారట. దారిలో డీజిలు అయిపోయింది. తెల్లారేదాకా జీపు తోసి తోసి, ఇక చేతగాక రోడ్డు పక్కన వదిలేసి, అందరూ ఆర్టీసీ బస్సెక్కి టికెట్లు తీసుకుని ఇళ్లకొచ్చారు. గోనెసంచికి కండక్టరు లగేజి కొట్టాడు. సంచిలో ఏముందో తెలిసినవాళ్లెవరూ నోరెత్తలేదు.

లగేజి ఎంత కొట్టాడు మామా అన్నాను. "అది గెవనం లేదు. ఆ నాకొడుకు సిల్లర మాత్రం ఇయ్యలే" అన్నాడు.