రెండున్నర వేలు ఇంటూ ముప్పై

బ్యాంకులో ముప్పై రెండేళ్లు అప్పుల కాగితాలు చూశాను. లాడ్జి కడతామని వచ్చినవాళ్లు గదులన్నీ ఏడాది పొడుగునా నిండుతాయని లెక్క రాసుకొస్తే ఎర్ర సిరాతో సగానికి కొట్టేసేవాణ్ని. "వానాకాలంలో మీ ఊరికి ఎవరొస్తారండీ?" అని నలుగురి ముందూ అడిగేవాణ్ని కూడా. అలాంటి నేను రిటైరైన డబ్బుతో విశాఖ బీచ్ రోడ్డులో, రుషికొండకు కాస్త ఇవతల, రెండు పడగ్గదుల ఫ్లాటు కొన్నాను. కరెంటు బిల్లు వెనక లెక్క రాశాను. రాత్రికి 2,500. ఇంటూ 30. ఇంటూ 12. తొమ్మిది లక్షలు! ఎర్ర పెన్ను జేబులోనే ఉంది.

మా ఆవిడ ఆ కాగితం చూసి "ఆలూ లేదు చూలూ లేదు..." అని ఆగిపోయింది. సోమలింగం పేరు నేనే చెప్పి నవ్వాను.

విశాఖకు జనం ఎప్పుడొస్తారో తెలియనివాణ్ని కాదు. దసరాకు బెంగాలీలు, డిసెంబరు, జనవరి నెలల్లో అరకు మంచు చూసేవాళ్లు. అరకు వెళ్లే రైలు పొద్దున్న ఏడు కాకముందే కదిలిపోతుంది. అది ఎక్కాల్సినవాడు స్టేషను పక్క లాడ్జిలో పడుకుంటాడు గానీ అంత దూరాన నా బాల్కనీలో కూర్చుని సూర్యోదయం చూడడు. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందని ప్రకటనలో మొదటి వాక్యంగా రాసుకున్నాను. ఆ జెండా కోసం వచ్చానన్న మనిషి ఒక్కడూ నాకు తగల్లేదు. జూన్‌లో నాలుగు రాత్రులు, జూలైలో మూడు.

సముద్రం ఊరికే కనిపించదు, అద్దె తీసుకుంటుంది. రెండేళ్లకే ఏసీ బయటి పెట్టెను ఉప్పుగాలి తినేసింది, అప్పడంలా పొడి రాలింది. కిటికీ ఊచలకు ఎన్నిసార్లు రంగు వేసినా కింద నుంచి తుప్పు పొంగుకొచ్చేది. బాత్రూం తూము నెలకోసారి పూడిపోయేది. వాచ్‌మన్‌కు ఫోన్ చేస్తే "ఇసక బాబూ, ఏటి సేత్తాం" అనేవాడు. రుషికొండ ఇసుకలో చాలా భాగం నా ఖర్చుతోనే మళ్లీ బయటికి వెళ్లిందని నా అనుమానం.

ఆ ఇసుక మీద కోపంతో మొదలుపెట్టినవే నోటీసులు. కాళ్లు కడుక్కుని రండి. గీజరు ఆపండి. చేపలు వండితే కిటికీ తీయండి. బాల్కనీ తలుపు రాత్రి గడియ పెట్టండి. సూర్యోదయం వంటింటి కిటికీలోంచి ఇంకా బాగుంటుంది (ఇది సలహా). ఒక్కొక్కటే పెరిగి పదకొండయ్యాయి. అన్నీ లామినేషన్ చేయించి గోడలకు అంటించాను. చాలక, హైదరాబాదు నుంచి సాయంత్రం ఏడింటికి వచ్చినవాళ్లకు ఫోన్ చేసేవాణ్ని: "సముద్రం చూశారా? ఎలా ఉంది?" కొత్తగా పెళ్లయిన జంటలకు కూడా. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. చివరికి ఒకాయన మూడు నక్షత్రాలిచ్చి రాశాడు: "వ్యూ బాగుంది. గోడలు చదవడానికే ఒక పూట పట్టింది."

నలుగురమే అని చెప్పి వచ్చినవాళ్ల గుమ్మం ముందు తొమ్మిది జతల చెప్పులున్నాయని ఎదురింటావిడ ఫొటో పంపింది. మరునెల అపార్ట్‌మెంటు మీటింగులో, లిఫ్టులో రోజుకో కొత్త ముఖం కనిపిస్తోందని నన్ను నిలబెట్టి అడిగారు. ఇళ్ల మీటరుతో వ్యాపారమేమిటి, కేటగిరీ 2 కి మార్చుకోలేదేం అని అక్కడే ఒకాయన లా పాయింటు తీశాడు. ఒకప్పుడు నా టేబులుకు అవతలి వైపు కూర్చున్నవాళ్లు కుర్చీ అంచున ఎందుకు కూర్చునేవారో అప్పుడు తెలిసింది.

ఏడాది చివర లెక్క వేశాను. నిండినవి 104 రాత్రులు. తగ్గించి ఇచ్చిన రేట్లు, బుకింగ్ కమీషను, దుప్పట్ల ఉతుకుడు, ఏసీ, మెయింటెనెన్సు, నా రైలు ఛార్జీలు పోగా మిగిలింది 71 వేలు. పక్క ఫ్లాటాయన ఎవరికో నెలకు 15 వేలకు ఇచ్చి, తాళం చెవి మాట మరిచిపోయి, లక్షా 80 వేలు తీసుకున్నాడు.

నష్టం గురించి అందరికీ చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఇంకోటుంది. నాకు అద్దె కన్నా పొగడ్త ఎక్కువ కావాలి. ఆ సముద్రాన్ని నేనే తవ్వించినట్టు, వచ్చినవాడల్లా బాల్కనీలో నిలబడి "అబ్బ, ఏం కొన్నారండీ" అనాలి. డబ్బిచ్చి వచ్చినవాడు ఆ మాట ఎందుకంటాడు? వాడికి కావలసింది వేణ్నీళ్లు, వైఫై.

కిందటేడు నోటీసులన్నీ పీకేశాను. గమ్ముతో పాటు సున్నం కూడా ఊడొచ్చింది. ఇప్పుడు ఆ ఫ్లాటులో ముగ్గురు కాలేజీ అమ్మాయిలు నెల అద్దెకు ఉంటున్నారు. ఒకటో తారీఖున డబ్బు పడిపోతుంది, ఫోన్ చేయవలసిన పనేమీ లేదు. అయినా మొన్న చేశాను.

"సముద్రం బాగా కనిపిస్తోందామ్మా?"

"బాల్కనీలో బట్టలు ఆరేశాం అంకుల్, కనిపించదు. గాలికి ఎగిరిపోతుంటే క్లిప్పులు కొన్నాం. ఇంకో తాడు కట్టుకోమంటారా?"

కట్టుకోమన్నాను.