సర్కారు సొంత కాళ్ళ మీద నిలబడేదెప్పుడు?

ఆడవాళ్ళు తమ కాళ్ళ మీద తాము నిలబడాలని, పార్టీ ఏదైనా, ప్రతి ముఖ్యమంత్రీ సెలవిచ్చారు. వాళ్ళు ఆ పని ఎప్పుడో చేశారు. 1992లో దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం మరుసటి ఏడాదికి సారా నిషేధం సాధించింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లా మహిళలు రోజుకో రూపాయి దాచి సంఘాలు కట్టారు. చిక్కల్లా అవతలి పక్షంతోనే. మూడు దశాబ్దాలైనా ప్రభుత్వాలకు డ్వాక్రా సంఘాల మీద ఆధారపడే అలవాటు పోలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండాలన్నా వాళ్ళే, బిల్లు వచ్చేదాకా కిరాణా కొట్లో అరువు తెచ్చేదీ వాళ్ళే. తెలంగాణలో వడ్లు కొనాలంటే వాళ్ళు నడిపే ఐకేపీ కేంద్రం. ముఖ్యమంత్రి సభకు కుర్చీలు నిండాలంటే మళ్ళీ సంఘమే, ఈసారి బస్సుతో సహా. ఆఖరికి రాయితీకీ పెట్టుబడి వాళ్ళదే: 2004 నాటి పావలా వడ్డీ పథకంలో ముందు బ్యాంకుకు పూర్తి వడ్డీ కట్టాలి, మూడు శాతం దాటినది ప్రభుత్వం తరవాత తిరిగిస్తుంది. ఆ తరవాత ఎప్పుడన్నది ఖజానా దయ. ఆదుకునే దొరకు అక్కచెల్లెళ్ళే చేబదులిచ్చారన్నమాట.

సర్కారే లేకపోతే బ్యాంకులు వీళ్ళను గడప తొక్కనిచ్చేవా అంటారు. న్యాయమైన ప్రశ్నే. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు అనుసంధానం మొదలుపెట్టకపోతే ఆ రూపాయిలు డబ్బాలోనే ఉండిపోయేవి. కంపెనీలకే వదిలేస్తే ఏమవుతుందో 2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళూ, ఆత్మహత్యలూ, ఆ అక్టోబరు ఆర్డినెన్సూ చూపించాయి. కాబట్టి సర్కారును తప్పుకోమనడం తెలివితక్కువ. కానీ బ్యాంకు తలుపు తీయించడం వేరు, కిస్తీల పుస్తకంలో ఎన్నికల తేదీ రాయడం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 ఎన్నికల మాఫీ మాట నమ్మి కిస్తీలు ఆపినవాళ్ళకు వడ్డీ పెరిగింది. 2019లో పోలింగుకు ముందు పసుపు-కుంకుమ కింద తలా పదివేలు, మూడు చెక్కుల్లో. తరవాతి ప్రభుత్వం సంఘాల అప్పు తీర్చే ఆసరా పథకానికి 2019 ఏప్రిల్ 11 నాటి బాకీని లెక్కగట్టింది. పోలింగు జరిగిందీ ఆ రోజే. అప్పటికే బాకీ తీర్చేసిన బుద్ధిమంతులైన సంఘాలకు మిగిలింది మంచిపేరు.

సంఘాలకు గ్రేడు ఇవ్వడానికి పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, సరైన పుస్తకాలు. ఒక్కసారి వీటిని ఆర్థిక శాఖకు పెట్టి చూడండి. సమావేశాలకు పూర్తి మార్కులు పడతాయి. పొదుపును మర్యాదకు అడగకుండా వదిలేద్దాం. చెల్లింపు దగ్గరికొచ్చేసరికి వంట బిల్లులూ వడ్డీ బకాయిలూ బయటపడతాయి. ఇలాంటి సంఘం రెండో లింకేజీ అప్పుకు వస్తే ఏ బ్యాంకు మేనేజరైనా టీ తాగించి పంపేస్తాడు.