నల్లరాతి ఆత్మకథ

గౌరీపట్నం క్వారీలో తూటా ప్రేలగా కొండనుండి విడివడి, కంకరమిల్లు వాత పడక, వడ్లమూడిలో ఒక కళాశాల బల్లమీదికి నమూనాగా చేరిన నల్లరాయిని నేను. శాస్త్రజ్ఞులు నన్ను బసాల్టు అందురు. సుమారు 6.5 కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి దక్కనున ఉబికిన లావా, ప్రాచీన నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు ప్రవహించి రాజమహేంద్రవర ప్రాంతమున చల్లారగా నాకీ దేహము లభించెను.

నా ఒడలినిండ శనగగింజలంతేసి తెల్లని మచ్చలు కలవు. చల్లారునాడు వాయువులు విడిచిపోయిన గుల్లలవి. యుగములతరబడి ఊరిన నీరు వానిని కాల్సైటుతో పూడ్చినది. ఒకనాడు అధ్యాపకుడు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లపుబొట్టొకటి మచ్చమీద విడువగా తెల్లని నురుగు బుసబుస పొంగెను.

“చూడండర్రా, ఆ పొంగేది బొగ్గుపులుసు వాయువే. ఇన్నాళ్ళూ రాయై కూర్చుంది,” అనెనాయన.

ఇబ్రహీంపట్నపు థర్మల్ కేంద్రమువంటి చోట్ల బొగ్గు మండగా వెడలు ఆ వాయువునే మరల శిలగా మార్చవచ్చునని ఐస్‌లాండువారు నిరూపించిరి. హెల్లిషేడి వద్ద 2012లో దానిని నీట కరిగించి మా జాతి రాతిలోనికి ఎక్కింపగా, ఆ పులుసునీరు రాతిలోని కాల్షియమును, మెగ్నీషియమును, ఇనుమును కరిగించుకొని, రెండేండ్లలోపుననే ఆ వాయువులో 95 శాతము కార్బనేటు ఖనిజమయ్యెనని 2016లో ప్రకటించిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారును దక్కను శిలలను ఈ దృష్టితో పరిశీలించిరి.

అయినను నల్లరాయి కనబడిన చోటనెల్ల బోరు దింపరాదు. నా గుల్లలు పూడిపోయినవి. నావంటి రాతిలోనికి వాయువు చొరదు. గుల్లలు ఖాళీగానుండుటయేగాక ఒకదానితోనొకటి కలిసియుండవలెను. గోదావరి గట్టున పైకి కనబడు మా పొర పలుచనిది. రాజోలు దిక్కున ఓఎన్‌జీసీ బావులలో మా వారు చాల లోతున తగిలిరి. మమ్ము విడిచి, నీట కరిగింపక ఇసుకరాతిలో దాచదలచినచో, వాయువు ఒత్తిడికి ద్రవమువలె చిక్కబడుటకు రమారమి 800 మీటర్ల లోతును, పైన రాఘవాపురం షేలువంటి చెదరని మూతయును కావలెను. ఈ తెనాలి, బాపట్లల దిక్కుననో, భూగర్భమున ప్రాచీనశిలల గట్టొకటి ఎత్తుగా నిలిచియున్నది. దానిమీది పొరలకు ఇరుప్రక్కల పల్లములలోనున్నంత మందము లేదు.

కావున భూగర్భశాస్త్రము చదువు బిడ్డలారా, లోతుబావులనుండి తీసి భద్రపరచిన రాతికోర్లను మరల వెలికిదీయుడు. వాని గుల్లలను కొలువుడు. పాత బావుల మూతలను, నేలలోని పగుళ్ళను, రైతు త్రాగు నీటిపొరలను పరీక్షింపుడు. అటుపిమ్మటనే తావు నిర్ణయింపుడు.