పారిపోనివాడి చిరునామా

పోలీసు శాఖకు ఇన్‌ఫార్మర్‌ను పోషించడమంటే ఒకప్పుడు చేతి చమురు వదిలే పని. వాడికి టీ పోయించాలి, బీడీ కట్ట కొనివ్వాలి, పండక్కి పదో పరకో చేతిలో పెట్టాలి. పైగా వాడి చిల్లర నేరాలు చూసీ చూడనట్టు వదిలేయాలి. ఇంతా చేస్తే వాడు చెప్పేదాంట్లో సగం అబద్ధం, మిగతా సగం పక్కవీధివాడి మీద కక్ష. ఆ తలనొప్పి ఇప్పుడు తీరిపోయింది. కొత్త తరం ఇన్‌ఫార్మర్ తన సరంజామా తనే కొనుక్కుంటున్నాడు, అదీ ఈఎమ్‌ఐ మీద. గుమ్మానికి కెమెరా ఉన్న కాలింగ్ బెల్ తనే బిగించుకుంటాడు. హాల్లో మాటలు వినే స్పీకరు, చేతికి నాడి లెక్కపెట్టే వాచీ, జేబులో ఫోను. పడుకునే ముందు పిల్లలకు దుప్పటి కప్పడం మరిచినా వీటికి ఛార్జింగ్ పెట్టడం మరవడు. రికార్డింగులు దాచిపెట్టినందుకు కంపెనీకి నెలనెలా చందా కూడా కడతాడు. జీతం అడగడు, సెలవు అడగడు, తను ఇన్‌ఫార్మర్‌నన్న సంగతి తనకే తెలియదు. ఇంత క్రమశిక్షణ గల సిబ్బంది ఏ ప్రభుత్వ శాఖకూ దొరికి ఉండరు.

‘పరారీలో ఉన్న నేరస్థుణ్ని పట్టుకోవడానికే కదా!’ అంటారు పెద్దలు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని ముందు ఒక అసలు సిసలు పరారీ సంగతి చూద్దాం.

2023 ఆగస్టు 31న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో చెస్టర్ కౌంటీ జైలు నుంచి డానెలో కావల్కాంటే అనే బ్రెజిల్ దేశస్థుడు ఉడాయించాడు. మాజీ ప్రియురాలిని పొడిచి చంపిన కేసులో యావజ్జీవం పడ్డవాడు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు గోడల్లో ఒకదానికి చేతులు, రెండోదానికి కాళ్లు ఆనించి పైకి పాకాడు. కప్పెక్కి, ముళ్లతీగ దాటి వెళ్లిపోయాడు. ఆ ముళ్లతీగకో చరిత్ర ఉంది. అదే ఏడాది మే నెలలో ఇంకో ఖైదీ అదే దారిన ఎక్కిపోతే, మళ్లీ ఎవరూ పోకుండా కట్టిందది. టవర్ మీద కాపలా ఉన్నాయన చూడలేదు. కెమెరా మాత్రం చూసింది. చక్కగా, మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఆ వీడియోను తర్వాత ప్రపంచమంతా చూసింది. కాపలాదారు ఉద్యోగం ఊడింది. కెమెరా ఉద్యోగానికి ఏ ఢోకా లేదు.

ఇక వేట మొదలైంది. దాదాపు 500 మంది పోలీసులు, హెలికాప్టర్లు, డ్రోన్లు, గుర్రాలు, కుక్కలు. లొంగిపొమ్మని బతిమాలుతూ తల్లి పోర్చుగీసులో చెప్పిన మాటలు రికార్డు చేసి ఊరంతా మైకుల్లో వినిపించారు. మీ ఇళ్ల కెమెరాల్లో ఏమైనా పడ్డాడేమో చూడమని జనాన్ని కోరారు. జనం చూశారు. నిజంగానే పడ్డాడు. ఒకచోట గడ్డం గీసుకుని, టోపీ ఉన్న చొక్కా వేసుకుని, పాత పరిచయస్థుడి గుమ్మం ముందు కాలింగ్ బెల్ కెమెరాకు ఫొటో దిగినట్టు నిలబడ్డాడు. పోలీసులు వచ్చేసరికి వెళ్లిపోయాడు. కెమెరాలన్నీ అతను ఇందాక ఎక్కడున్నాడో చెప్పాయి, ఇప్పుడెక్కడున్నాడో ఒక్కటీ చెప్పలేదు. ఎందుకంటే అతని దగ్గర ఫోను లేదు, వాచీ లేదు. మధ్యలో అతను దొంగిలించిన పాలడెయిరీ వ్యాన్‌కు మాత్రం తాళంచెవి దానికే ఉంది. గుమ్మానికి కెమెరా పెట్టిన దేశంలో బండికి తాళం తీసేవాడు లేకపోయాడు.

రెండు వారాలకు, సెప్టెంబరు 13న దొరికాడు. ఒక ఇంట్లో దొంగల అలారం మోగింది. ఒంటి వేడిని పసిగట్టే విమానం ఆ చుట్టుపక్కల పొదల్లో మనిషి జాడ కనిపెట్టింది. అంతలో ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చి విమానం వెనక్కి పోయింది. తెల్లారాక యోడా అనే పోలీసు కుక్క వెళ్లి పట్టుకుంది. ఆ వెంటనే అధికారులంతా అతణ్ని మధ్యలో నిలబెట్టి గ్రూపు ఫొటో దిగారు. రెండు వారాల్లో అతని ఇష్టంతో ప్రమేయం లేకుండా తీసిన ఫొటోల్లో అన్నిటికన్నా స్పష్టమైనది అదే.

నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఊళ్లవాళ్లు కెమెరా దృశ్యాలు ఇష్టపడే ఇచ్చారు. తుపాకీ ఎత్తుకుపోయిన హంతకుడు పెరట్లో తిరుగుతుంటే నేనైనా ఇస్తాను, అడక్కముందే ఇస్తాను. పేచీ అక్కడ లేదు.

పరికరమే పట్టించిన పరారీ మనిషి కూడా లేకపోలేదు. కంప్యూటర్లకు వైరస్ సోకకుండా మందు అమ్మి కోట్లు గడించిన జాన్ మెకఫీ ఆయన. 2012లో బెలీజ్ దేశంలో పొరుగింటాయన హత్య గురించి పోలీసులు ప్రశ్నించాలనుకుంటే అజ్ఞాతంలోకి వెళ్లారు. డిసెంబరులో వైస్ పత్రిక విలేకరులు ఆయన్ను కలిసి, మేం ఆయన పక్కనే ఉన్నామోచ్ అంటూ గర్వంగా ఫొటో ప్రచురించారు. ఐఫోన్‌తో తీసిన ఆ ఫొటో లోపల అక్షాంశం, రేఖాంశం భద్రంగా ఉన్నాయి. అవి చూసి ఆయన గ్వాటెమాలాలో ఉన్నారని లోకమంతా కనిపెట్టింది. ప్రపంచానికి డేటా భద్రత నేర్పిన పెద్దమనిషి డేటాకే దొరికిపోయారు. ఫోను లేని కావల్కాంటే రెండు వారాలు ముప్పుతిప్పలు పెట్టాడు. దీన్నిబట్టి పరారయ్యేవాడు నేర్చుకునే నీతి ఒక్కటే, ఫోను ఇంట్లో పెట్టి పారిపోవాలి. వాళ్లు నేర్చుకున్నారు కూడా. నేర్చుకోనిది మనమే, మనకు పారిపోయే పనిలేదు కాబట్టి.

పేచీ ఇక్కడ మొదలవుతుంది. పాత పద్ధతి వారంటులో ముందు పేరు, తర్వాత ఇల్లు. ఫలానావాడి మీద అనుమానం ఉంది, ఫలానా ఇంట్లో వెతుకుతాం అని జడ్జికి చెప్పాలి. కొత్త పద్ధతిలో ముందు వృత్తం, తర్వాత పేర్లు. మ్యాపు మీద సున్నా చుట్టి, ఈ గంటలో ఈ సున్నాలో ఎవరెవరి ఫోన్లున్నాయో చెప్పమని గూగుల్‌ను అడిగేవారు. దీనికి జియోఫెన్స్ వారంటు అని పేరు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. అమెరికావాళ్లు తాటిచెట్టు చుట్టూ 150 మీటర్లు కొలిచారు, అంతే తేడా.

అది నిజంగా కొలిచిన కొలతే. 2019లో వర్జీనియాలో ఒక బ్యాంకు దోపిడీ జరిగితే అంత వ్యాసార్థంతోనే గీశారు. ఆ సున్నాలో బ్యాంకుతో పాటు చర్చి కూడా పడింది. 19 ఫోన్ల జాడ వచ్చింది. వాటిలో ఒకదాని ఆసామీ నిందితుడయ్యాడు. మిగతా పద్దెనిమిది ఎవరివో, ఆ గంటలో వాళ్లు బ్యాంకుకు పోయారో ప్రభువు దగ్గరకు పోయారో ఏ పేపరూ రాయలేదు. అదే ఏడాది ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్‌లో ఒకాయన వ్యాయామం కోసం సైకిల్ తొక్కుతూ, ఎంత తొక్కాడో ఫోనులో లెక్క రాసుకున్నాడు. దొంగతనం జరిగిన ఇంటి ముందు నుంచి గంటలో మూడుసార్లు వెళ్లాడని ఆ లెక్కే చెప్పింది. 2020 జనవరిలో గూగుల్ నుంచి ఉత్తరం వచ్చింది: మీ వివరాలు పోలీసులు అడిగారు, ఏడు రోజుల్లో కోర్టుకు వెళ్లకపోతే ఇచ్చేస్తాం. ఆయన లాయర్‌ను పెట్టుకుని బయటపడ్డాడు. ఒళ్లు తగ్గిందో లేదో తెలియదు, జేబు మాత్రం తగ్గింది. 2018లో అరిజోనాలో ఇంకొకాయన హత్య కేసులో దాదాపు వారం జైల్లో ఉండి వచ్చాడు. ఆయన ఖాతా ఇంకొకరి ఫోనులో తెరిచి ఉండటమే నేరమైంది.

ఇవేవో అరుదైన సంగతులు అనుకునేరు. గూగుల్ స్వయంగా బయటపెట్టిన లెక్క ప్రకారం అమెరికా పోలీసుల నుంచి ఇలాంటి వారంట్లు 2018లో 982 వచ్చాయి. 2020 నాటికి 11,554 అయ్యాయి. ఆ రెండేళ్లలో అమెరికాలో దొంగలు పన్నెండింతలు పెరగలేదు. సున్నా చుట్టడం అలవాటైంది, అంతే. చివరికి గూగుల్‌కే విసుగొచ్చి, మీరు తిరిగిన చోట్ల చిట్టా ఇకపై మీ ఫోనులోనే దాస్తామని 2023 డిసెంబరులో ప్రకటించింది. కంపెనీ మనసు మారడానికి అయిదేళ్లు పట్టింది. రేపు మళ్లీ మారితే అడ్డుకునే చట్టం లేదు.

కంపెనీ మనసు ఎంత మెత్తనో తెలియాలంటే అమెజాన్‌వారి రింగ్ కాలింగ్ బెల్‌ను అడగాలి. ఇంటాయనను అడక్కుండా, వారంటు లేకుండా, అత్యవసరమన్న ఒక్క మాట మీద ఆ ఏడాది 11 సార్లు వీడియోలు ఇచ్చామని 2022 జులైలో సెనెటర్ ఎడ్ మార్కీకి రాసిన జవాబులో ఒప్పుకున్నారు. అది అత్యవసరమో కాదో తేల్చేది ఎవరు? కంపెనీయే. బెల్లు మనది, గుమ్మం మనది, చందా మనది. తలుపు తీసేది మాత్రం వాళ్లు.

ఇదంతా మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికి చెబితే, ‘దాచడానికి ఏమీ లేనివాడికి భయమెందుకండీ?’ అన్నారు. ఈ ప్రశ్నకు దేశంలో లక్షలమంది గొప్పవాళ్లు తబ్బిబ్బయ్యారు. నాకు మాత్రం వెంటనే తోచింది. ‘అయితే మన మెయింటెనెన్స్ లెక్కలు ఒకసారి గ్రూపులో పెట్టండి సార్’ అన్నాను. అప్పటి నుంచి ఆయన లిఫ్టులో నన్ను చూస్తే మెట్లెక్కుతున్నారు.

అమెరికాలో గొడవంతా జడ్జి ఇచ్చిన వారంటు సరిపోతుందా లేదా అని. మనకా బాధ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద దర్యాప్తుకు అవసరమనుకుంటే స్టేషన్ ఆఫీసరే రాతపూర్వకంగా ఆదేశించి డిజిటల్ సాక్ష్యాన్ని, అది ఉన్న పరికరాన్ని తెప్పించుకోవచ్చు. పాత సీఆర్‌పీసీ 91లో ఉన్న అధికారానికే కొత్త చట్టం ఫోను తొడిగింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టం కూడా వచ్చింది. నేర దర్యాప్తు దగ్గరికి వచ్చేసరికి అందులో చాలా రక్షణలు మినహాయింపులోకి పోతాయి. గొడుగు ఇచ్చారు, వాన పడినప్పుడు వేసుకోకూడదన్నారు.

హైదరాబాద్‌కు అసలు సెక్షన్లతోనూ పనిలేదు. 2021 అక్టోబరులో గంజాయి మీద యుద్ధం ప్రకటించి, రోడ్డు మీద పోయే కుర్రాళ్లను ఆపి, ఫోను తెరిపించి, వాట్సాప్‌లో ఆ మాట కోసం వెతికారు. ఆ వీడియోలు ఊరంతా తిరిగాయి. జ్వరం వచ్చిన కొడుక్కి గంజి తాగమని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపిన తల్లి ఎవరైనా ఉంటే, ఒక్క అక్షరం పొరపాటు పడకుండా దేవుడే కాపాడాడు. వందమంది చేరే ప్రతి చోటా కెమెరా పెట్టాలని, 30 రోజుల రికార్డు దాచి పోలీసులకు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే చట్టం చేశారు. కెమెరాలకు చందాలిచ్చిన కాలనీలను పోలీసులు ‘నేను సైతం’ పథకంలో చేర్చుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఊరెళ్తున్నామని యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు. అది మనం పిలిస్తే వస్తుంది, తిరిగొచ్చాక తీసేస్తారు. మిగతా కెమెరాలన్నీ దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

అయితే ఇంత సామగ్రి మధ్య ఒక పరారీ సంగతి మాత్రం నన్ను వేధిస్తోంది. 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైంది. తెలంగాణ నిఘా విభాగంలోనే కొందరు అధికారులు రాజకీయ నాయకుల నుంచి వ్యాపారుల దాకా ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేసి మూసీలో పారేశారని అభియోగం. నిజానిజాలు కోర్టు తేల్చాలి. ప్రధాన నిందితుడిగా పేర్కొన్న మాజీ అధికారి ఏడాదికి పైగా అమెరికాలో ఉన్నారు. ఏ కెమెరా, ఏ యాప్, ఏ టవరు ఆయన్ను తీసుకురాలేదు. సుప్రీంకోర్టు మధ్యంతర రక్షణ ఇచ్చాక 2025 జూన్‌లో విమానం టికెట్టు కొనుక్కుని ఆయనే వచ్చారు. నెక్లెస్ రోడ్డు మీద హెల్మెట్ లేనివాణ్ని మాత్రం అదే రోజు పట్టుకున్నాం, ఫొటోతో సహా చలానా పంపాం.

అందుకని పోలీసువారికి ఒక విన్నపం. పారిపోయినవాడి కోసం మీరు కోర్టుకు వెళ్లినప్పుడు వాడి పేరు రాస్తారు, వాడు చేసిన నేరం రాస్తారు, వాడి మీద అనుమానం ఎందుకో రాస్తారు, జడ్జి సంతకం తీసుకుంటారు. దొరికాక కోర్టుకు తెస్తారు, లాయర్‌ను పెట్టుకోమంటారు. పారిపోనివాళ్లకు ఇందులో ఏదీ లేదు. మా వివరాలు ఎవరో చూశారని మాకు తెలియదు, చూశాక చెరిపేశారో దాచుకున్నారో తెలియదు. మేం నేరస్థులకన్నా ఎక్కువ అడగడం లేదు. పరారీలో ఉన్నవాడికి చేస్తున్న మర్యాదలో సగమైనా, పన్ను కట్టి ఇంటిపట్టునే ఉన్నవాడికి చేయండి.