తొలి ఆల్బమ్ సిద్ధాంతం

ఆల్టర్నేటివ్ రాక్ బృందాన్ని మొదటి ఆల్బమ్‌తో నెత్తిన పెట్టుకోవాలి, రెండోదానితో అనుమానించాలి, మూడోదానితో వదిలెయ్యాలి. స్థూలంగా ఇదీ తొలి ఆల్బమ్ సిద్ధాంతం. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, ఈ సంగీతం వినేవాళ్లలో కాస్త సీనియారిటీ వచ్చిన ప్రతివారికీ కంఠతా వచ్చు. దీని ప్రకారం పాట బాగుందో లేదో తేల్చేది చెవి కాదు, పక్కింటివాడు. అతనికీ నచ్చిందంటే పాట చెడిపోయినట్టే.

సిద్ధాంతులు ముందుగా చూపించే ఉదాహరణ నిర్వానా. సియాటిల్‌లోని సబ్ పాప్ అనే చిన్న కంపెనీ 1989లో వీరి తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ను విడుదల చేసింది. రికార్డింగ్ ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. ఆ డబ్బు కట్టిన జేసన్ ఎవర్‌మన్ పేరు గిటారిస్టుగా అట్ట మీదికెక్కింది. లోపల మాత్రం ఆయన ఒక్క తీగా మీటలేదు. అయినా సిద్ధాంతులకు ఈ ఆల్బమ్‌లో కల్తీ లేని నిజాయితీ వినపడుతుంది; ఆ మాటకొస్తే, మీటని గిటారు కూడా వినపడుతుందేమో.

1991 సెప్టెంబరులో గెఫెన్ వారి డీజీసీ లేబుల్ మీద ‘నెవర్‌మైండ్’ వచ్చింది. మరుసటి జనవరిలో మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ను దించి అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అంతే, నిర్వానా ‘అమ్ముడుపోయింది’. డిసెంబరులో రోమాలు నిక్కబొడుచుకున్న పాటలే జనవరిలో చప్పబడ్డాయి. టేపు మారలేదు, పాట మారలేదు. వినేవాళ్ల సంఖ్య మారింది. ‘నెవర్‌మైండ్’కు ముందు ‘బ్లీచ్’ అమ్మకాలు సుమారు 40,000. తాము అప్పట్లోనే విన్నామని నేడు చెప్పుకునేవాళ్లందరికీ అవి చాలాలంటే ఒక్కో కాపీని ఊరంతా చేతులు మార్చుకుని విని ఉండాలి.

సిద్ధాంతుల చేతిలో ఒక తురుపు ముక్క లేకపోలేదు. ‘నెవర్‌మైండ్’ మరీ నున్నగా తయారైందని నిర్వానా గాయకుడు కర్ట్ కోబేన్ స్వయంగా విసుక్కున్నాడు. అందుకే 1993లో ‘ఇన్ యుటెరో’ను రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ ఆల్బినీతో గరుకుగా రికార్డు చేయించాడు. ఆల్బినీ రాయల్టీ తనకొద్దని, చేసిన పనికి లక్ష డాలర్లు మాత్రం పుచ్చుకున్నాడు. ఇంత నిష్ఠగా చేసిన ఆల్బమూ పట్టికలో నేరుగా మొదటి స్థానంలోనే దిగింది. గరుకుతనం కూడా అమ్ముడుపోతుందని తేలాక, చేసేదేముంది, మళ్లీ ‘బ్లీచ్’ దగ్గరికే.

బ్రిటిష్ బృందం రేడియోహెడ్ దగ్గర సిద్ధాంతం తలకిందులవుతుంది. తొలి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’ (1993)లో ‘క్రీప్’ ఉంది. అది అందరికీ తెలుసు. కనుక ఆ ఆల్బమ్ పనికిరాదు. ఇక్కడికి వేరే సూత్రం: ఎంత కొరుకుడుపడకపోతే అంత గొప్ప. 2000 అక్టోబరులో వచ్చిన ‘కిడ్ ఎ’ నుంచి సింగిల్ ఒక్కటీ విడుదల చెయ్యలేదు. గిటార్లను చాలావరకు పక్కనపెట్టి సింథసైజర్లు పట్టుకున్నారు. ఇది అర్థం కాలేదన్నవాడికి వెలి తప్పదు. చిక్కేమిటంటే, ఈ కొరుకుడుపడని సరుకు అటు బ్రిటన్‌లోనూ ఇటు అమెరికాలోనూ మొదటి స్థానం కొట్టింది. దీనికీ జవాబు సిద్ధంగా ఉంది: జనం కొన్నారు గానీ, వాళ్లకేం తెలుసు?

ఈ బాపతు శ్రోతలను నిక్ హార్న్‌బీ 1995లోనే ‘హై ఫిడెలిటీ’ నవలలో పట్టుకున్నాడు. రికార్డుల దుకాణంలో కూర్చుని ప్రతి విషయానికీ అయిదేసి పేర్ల జాబితా వేసే మనుషులు వాళ్లు. దాని ఆధారంగా 2000లో వచ్చిన సినిమాలో, కూతురి పుట్టినరోజుకు స్టీవీ వండర్ పాట కొనబోయిన తండ్రిని జాక్ బ్లాక్ పాత్ర అభిరుచి లేదని ఈసడించి పంపేస్తుంది. అదే ఏడాది ‘న్యూయార్కర్’ పత్రికలో ‘కిడ్ ఎ’ను దులిపేసినవాడూ హార్న్‌బీయే. ఇలాంటివి కూర్చుని వినే తీరిక పదహారేళ్ల కుర్రాళ్లకే ఉంటుందన్నది ఆయన వాదం. కాస్త మొరటు వాదమే. కానీ తాను విన్నదాని గురించి చెప్పాడు తప్ప పక్కింటివాడి గురించి కాదు.

సినిమాల విషయంలో విచారణ ఇంకా త్వరగా ముగుస్తుంది. సియాటిల్ కుర్రకారు మీద కామెరాన్ క్రో తీసిన ‘సింగిల్స్’ 1992 సెప్టెంబరులో విడుదలైంది. నిర్వానా తరహా గ్రంజ్ రాక్ వేడి మీద నాలుగు డబ్బులు చేసుకోవడానికి హడావిడిగా చుట్టేసిన సినిమా అని తీర్పు. నిజానికి షూటింగ్ 1991 వసంతంలోనే, ‘నెవర్‌మైండ్’ విడుదలకు నెలల ముందే అయిపోయింది. ఆలస్యం చేసింది స్టూడియో. అందులో మాట్ డిలన్ పాడే బృందానికి వెనక వాయించింది సియాటిల్ బృందమే అయిన పెర్ల్ జామ్ సభ్యులు. డిలన్ వేషం చూస్తేనే నకిలీ అని తెలిసిపోతుందని సిద్ధాంతుల మరో ఆక్షేపణ. ఆ బట్టల్లో చాలావరకు పెర్ల్ జామ్ బేసిస్టు జెఫ్ ఆమెంట్ రోజూ వేసుకునేవే.