నాటు టమాటా వాక్యానికి బృహట్టీక

మూలం:
"వదినా, ఈ యేడు గూడ ఆ నాటు టమాటనే పెడ్త గాని, కోతులకు చెప్పకు."

అవతారిక: ఈ వాక్యం సారపాక అవతల, అడవికి ఆనుకున్న ఒక పెరటి దడి దగ్గర పుట్టింది. చెప్పినావిడ చేతిలో పార, విన్నావిడ చంకలో బిందె. మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడే అయినా, ఆయన నాటికి టమాటా ఇంకా సముద్రం దాటలేదు. అందుచేత ఈ భారం మా వంటి అల్పుల మీద పడింది.

ప్రతిపదార్థం: వదినా = నారు మిగిలితే పంచుకునే దడి అవతలి చుట్టమా; ఈ యేడు గూడ = పోయినేడు "ఇంకెప్పుడూ పెట్టను" అని చేసిన శపథం తప్పి; ఆ = మన ఇద్దరికీ తెలిసిన; నాటు = దేశవాళీ అయిన ("నాటుట" కూడా స్ఫురిస్తుంది గనుక శ్లేష); టమాటనే = మరి దేనినీ కాక; పెడ్త = పెట్టి తీరుదును; గాని = అసలు సంగతి ఇదిగో; కోతులకు = భద్రాద్రి పొలిమేర గనుక దండం పెట్టి మరీ తరమవలసిన వారికి; చెప్పకు = గట్టిగా మాట్లాడకు.

తాత్పర్యం: సులభం.

ఆక్షేపం: బెంగళూరు దగ్గర హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వారు అర్క రక్షక్ అనే టమాటా రకం ఇచ్చారు కదా? ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకుంటుంది కదా? కాయ 90 నుంచి 100 గ్రాములు తూగుతుంది కదా? ఏటా తెల్లదోమకు మొక్కలు అర్పించుకుంటూ ఈ మొండితనం దేనికి?

సమాధానం: అది ఎఫ్1 సంకరం. గింజ దాచి మళ్ళీ పోస్తే తల్లి పోలిక నిలవదు; ఏటా ప్యాకెట్టు కొనాలి. ఇది చిన్న కారణం. పెద్ద కారణం రోలు ఎరుగును. దూరం పోవడానికి పుట్టిన సంకరపు కాయలకు తోలు మందం. మదనపల్లె నుంచి లారీలో వచ్చినా నలగనిది పొత్రానికి మాత్రం ఎందుకు లొంగుతుంది? నాటు కాయ బాణలిలో పడిన కాసేపటికే తోలు చుట్టుకుని విడివడుతుంది, రసం ఊరుతుంది, పచ్చిమిరపకాయలు అందులో మగ్గుతాయి. చింతపండు అక్కరలేదు. ఈ చివరి మాటే సిద్ధాంతం.

నాటు విచారం: ఇంతకీ ఈ నాటుది ఏ ఊరు? తొలి విత్తనం పాల్వంచ దుకాణంలో కొన్న పూసా రూబీ ప్యాకెట్టు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో అమెరికా రకం స్యూను మన ఇంప్రూవ్డ్ మీరూతితో కలిపి పుట్టించింది అది. కాయ బల్లపరుపు; తొడిమ దగ్గర గాడులు; పండినా అక్కడి పసుపు విడవదు. టమాటా జాతే దక్షిణ అమెరికాది. అయినా నాటే. ఏటా ముదురు పండు ఎంచి, పిసికి, ఒకనాడు పులియబెట్టి, కడిగి, నీడన ఆరబోసి, బూడిద కలిపి, గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీస్తుంది ఆవిడ. ఆ దూలానికి అన్నేళ్ళు వేలాడినదాన్ని పరదేశి అనడం ఈ వ్యాఖ్యాతకు చేతకాలేదు.

విశేషం: కోతులు పచ్చి కాయను కొరికి పారేస్తాయి, దోర కాయను తింటాయి, మొక్కను ఊరికే పీకుతాయి. పాత చీరలు దడికి కట్టినా ఫలితం స్వల్పం. అందుచేత కాయ అడుగున ఎరుపు తిరగగానే కోసి, ఇంట్లో బియ్యం డబ్బా పక్కన మగ్గబెడతారు. చెట్టున పండిన దానికి రుచి ఎక్కువని పట్నం మేడల మీద కుండీల వారు సెలవిస్తారు. వారికి కోతులు తెలియవని విజ్ఞులు ఊహింతురు.

పాఠాంతరం: గోదారి ఒడ్డు ప్రతిలో "ఈ యేడు గూడ" బదులు "గోదారి తగ్గినంక" అని ఉంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకే మొదటి హెచ్చరిక ఎగురవేస్తారు. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. ఆ ఒడ్డున "చెప్పకు" అన్నది ఎవరిని ఉద్దేశించో వేరే చెప్పనక్కరలేదు. సేద్యపరంగా ఈ పాఠమే గ్రాహ్యం. వరద తీశాక ఒండ్రులో నాటితే చలి రాత్రులకు పిందె నిలుస్తుంది. ఆలస్యం చేస్తే కొత్తగూడెం ఎండలకు పూత రాలి, మొక్క మిగిలి, కోతులు కూడా అటు చూడవు.